చాటింపు గంటకు ఒక పాట

త్రిపురాంతకంలో పొద్దు పొడవకముందే కొండ గుడి మెట్లెక్కడం నాకు అలవాటు. మొన్న ఎక్కుతూ ఒసిబిసా బృందం మొదటి ఆల్బమ్ పెట్టుకున్నాను. తొలి పాట ‘ది డాన్’ కీచురాళ్ల రొదతో, పిట్టల కూతలతో మొదలవుతుంది. ఇయర్‌ఫోన్లు తీసి చూస్తే, కింద అమ్మవారి గుడి చెరువు వైపు నుంచీ అవే కూతలు. ఆ పూట పైదాకా ఎక్కలేదు, మెట్ల మీదే కూర్చుని మొత్తం విన్నాను.

ఘనా నుంచి లండన్ చేరిన టెడ్డీ ఓసే, ఆయన తమ్ముడు మ్యాక్ టోంటో, డ్రమ్మర్ సోల్ అమర్‌ఫియో 1969లో కరీబియన్ దీవుల వాళ్లనూ కలుపుకుని కట్టిన బృందం ఇది. ఆల్బమ్ 1971లో వచ్చింది. అట్ట మీద రోజర్ డీన్ గీసిన రెక్కల ఏనుగులు ఎగురుతుంటాయి.

నన్ను పట్టుకున్నది మాత్రం ‘మ్యూజిక్ ఫర్ గాంగ్ గాంగ్’. గాంగ్ గాంగ్ అంటే ఘనా పల్లెల్లో చాటింపు వేసేవాడు పుల్లతో కొట్టే ఇనుప గంట. అంటే మన దండోరా! నా చిన్నప్పుడు గూడెం నుంచి ఒకాయన డప్పుతో వచ్చి, వీధి వీధికీ ఆగి మాట చెప్పి, మళ్లీ గూడేనికే వెళ్లిపోయేవాడు. ఊరంతటికీ కబురు ఆయన నోటే తెలిసేది. ఆయన్ని అరుగు మీద కూర్చోమన్నవాళ్లను మాత్రం నేను చూడలేదు. అక్కడ ఆ గంట పేరు పాటకే పెట్టుకున్నారు. మన సినిమా పాటల్లో డప్పు మోగని ఏడాది లేదు, కొట్టిన చేతుల పేర్లు మాత్రం మనకు తెలియవు. ఈ మాట నన్ను చాలా కాలంగా బాధిస్తోంది.

డప్పు వాయించే ఒక తాతకు ఫోన్‌లో ఆ పాట వినిపించాను. కాసేపటికి ఆయన వేళ్లు మోకాలి మీద ఆడటం మొదలెట్టాయి.

“ఎట్లుంది తాతా?”

“ఎవురూ ఎవురి మీదా పడటంలా నాయనా. ఒకడు దెబ్బ ఆపిన కాడ ఇంకొకడు అందుకుంటన్నాడు.”

ఇంతకంటే బాగా ఆ సంగీతాన్ని నేను చెప్పలేను. డప్పు నడుమ నిలిచి, గిటారూ బూరా దాని చుట్టూ తిరిగే ఆల్బమ్ ఒకటి మనకూ రావాలని నా కోరిక. వస్తే రికార్డింగ్ గదిలో కొడతావా అని తాతను అడిగాను. ఆయన డప్పు తోలు మీద వేలితో తట్టి చూశాడు. చొప్పమంట సెగ తగిలితేనే అది కంగుమంటుంది, చల్లారితే మొద్దుబారుతుంది.

“కొడతా గానీ, ఆ గది లోపల మంట ఏసుకోనిస్తారా?”