బోరు నీళ్ళు తాగిన బండి

మా నాన్న 1984లో కొన్న అంబాసిడర్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మార్క్-4, 1489 సీసీ పెట్రోలు ఇంజను. ఏటా మే నెలలో విజయవాడ నుంచి హైదరాబాద్ బయల్దేరితే సూర్యాపేట దాటేలోపు ఒకసారైనా ఆగాల్సిందే. బానెట్ ఎత్తి, ఆవిరి తగ్గేదాకా వేపచెట్టు కింద కూర్చునేవాళ్ళం. తర్వాత నాన్న పక్క హోటల్లో అడిగి బిందెడు బోరు నీళ్ళు రేడియేటర్లో పోసేవారు. "ఎండాకాలం కదరా, బండికీ దాహమే" అనేవారు. చాలా ఏళ్ళు నేనూ తప్పంతా ఎండ మీదే వేశాను. నిజానికి బండిని ఉడికించింది ఆ బోరు నీళ్ళే.

మా అమ్మమ్మగారి పెరట్లో స్నానాలకు నీళ్ళు కాచే రాగి కాగు ఉండేది. లోపల గోటితో గీస్తే తెల్లటి పెంకులు ఊడేవి. రేడియేటర్ కూడా అలాంటి కాగే, కాకపోతే దాని గొట్టాలు మరీ సన్నం. బోరు నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం వేడి తగలగానే విడిపోయి గొట్టాల గోడలకు అంటుకుంటుంది. రాగి ఎంత చురుగ్గా వేడిని వదిలేస్తుందో, ఈ పెంకు అంత మొండిగా ఆపుతుంది. ఆవిరైపోయే నీళ్ళు ఆ ఉప్పును వెంట తీసుకుపోవు. మళ్ళీ బిందెడు పోస్తే లోపల మరో పూత.

దానికి తోడు పసుపు. రేడియేటర్ కారుతుంటే గుప్పెడు పసుపు వేయడం మన డ్రైవర్లకు తెలిసిన చిట్కానే. దారి మధ్యలో చిక్కుకున్నప్పుడు ఆదుకుంటుంది, కాదనను. ఇంటికి చేరాక కడిగెయ్యకపోతే మాత్రం కన్నంతో పాటు మంచి గొట్టాలనూ పూడుస్తుంది.

నాన్న పోయాక బండి నా చేతికొచ్చింది. ఓ ఆదివారం పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగా, రేడియేటర్ కింది టాప్ తిప్పాను. ముదురు టీ రంగు నీళ్ళు వచ్చాయి. ఇంజను బ్లాకుకు వెనకవైపు పక్కన ఇంకో టాప్ ఉంటుంది, చాలామంది దాని జోలికే పోరు. తిప్పితే చుక్క రాలేదు. మొత్తం ఊడదీసినా రాలేదు. తీగముక్క కన్నంలో దూర్చి మెలిపెడితే ముందు తడి ఇటుకపొడి లాంటి ముద్ద జారింది, ఆ వెంటనే ఎర్రటి బురద నా మోచేతిదాకా కారింది. పోత ఇనుము ఏళ్ళ తరబడి తుప్పుపట్టి రాలిన పొడి అది. నీటి ఉరవడి తక్కువుండే వెనక సిలిండర్ చుట్టూ పేరుకుపోయింది. ఇన్నేళ్ళూ అందరం ఎండనే తిట్టాం.

తర్వాత లీటరుకు 20 గ్రాముల లెక్కన నిమ్మ ఉప్పు కలిపి, అరగంట ఇంజను తిప్పి, చల్లారాక వదిలేశాను. చింతపండు రాగి బిందెకు చేసే పనే ఇదీ చేస్తుంది. పెంకే కన్నాన్ని మూసి ఉంచిన రేడియేటరైతే ఇక్కడే కారడం మొదలవుతుంది, దానికి సిద్ధపడే చేయాలి. ఆపైన వంటసోడా నీళ్ళతో పులుపు విరిచి, కింది గొట్టం నుంచి పైపు పెట్టి నీళ్ళను ఎదురు నడిపించాను. రోజూ పారే దిక్కునే పెడితే చెత్త ఇంకా బిగుసుకుంటుంది.

అయినా మధ్య గొట్టాలు తెరుచుకోలేదు. టంకం మేస్త్రి పై ట్యాంకు విప్పి, ఒక్కో గొట్టంలో సన్నటి ఇనుప పట్టీ దూర్చి తోడితే గానీ ఆ ముద్దలు బయటపడలేదు. రాగి, ఇత్తడి రేడియేటర్ అంటే నాకు ఇష్టం అందుకే. విప్పొచ్చు, తోడొచ్చు, మళ్ళీ అతకొచ్చు.

ఇప్పుడు అందులో బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. మన దగ్గర నీళ్ళు గడ్డకట్టవు కదా, కూలెంట్ ఎందుకు అంటారు. తుప్పును ఆపే మందు ఉండేది అందులోనే. రెండేళ్ళకోసారి మారుస్తాను. తీసిన కూలెంట్‌ను మూతలేని గిన్నెలో వదలకండి. తియ్యటి విషం అది, కుక్కలు నాకి చచ్చిపోతాయి.

ఎండల ఊళ్ళో ఇదెందుకని మా బండికి థర్మోస్టాట్ ఎప్పుడో పీకేశారు. అది లేకపోతే ఇంజను తగినంత వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, ఆ లోపు కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. 82 డిగ్రీలకు తెరుచుకునేది తెచ్చి బిగించాను. రబ్బరు చచ్చిపోయిన రేడియేటర్ మూత కూడా మార్చాను. 7 పౌండ్ల ఒత్తిడి నిలిపే మూత ఉంటే నీళ్ళు 100 డిగ్రీలకు మరగవు, దాదాపు 111 దాకా ఓర్చుకుంటాయి.

పోయిన మేలో మళ్ళీ అదే దారిన వెళ్ళాం. మధ్యాహ్నం రెండింటికి కూడా వేడి చూపే సూది మధ్యలోంచి కదల్లేదు. అయినా నాన్న ఆగే హోటల్ దగ్గర ఆపాను. టీ చెప్పి కూర్చున్నానో లేదో, లోపల్నుంచి ఓ కుర్రాడు అంబాసిడర్‌ను చూసి బకెట్ పట్టుకొచ్చాడు.

"నీళ్ళు పోయమంటారా సార్?"