బండరాళ్ల అడవి, మంచు సముద్రం

అఫ్జల్‌గంజ్ నుంచి నయాపూల్ దాటుతుంటే కుడిచేతి వైపు గుమ్మటాలతో కనిపించే ఎర్రరాతి భవనం హైకోర్టు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్న తరవాత, ఏడో నిజాం కాలంలో 1915లో పని మొదలుపెట్టి నాలుగేళ్లలో కట్టారు. అవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టుంది. వరద రోజు దాని కొమ్మలు పట్టుకుని నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. మాను పక్కన నిలబడి పైకి చూస్తే, అంతమంది ఎక్కడ పట్టారా అనిపిస్తుంది.

2025 ఏప్రిల్ 2న ఇంకో చెట్ల వ్యవహారం ఈ కోర్టు ముందు విచారణకు వచ్చింది. కంచ గచ్చిబౌలిలో ప్రభుత్వం చేయిస్తున్న 400 ఎకరాల చదును ఆపాలని హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులూ, ఒక స్వచ్ఛంద సంస్థా వేసిన వ్యాజ్యాలవి. వాటి గురించి చదువుతున్నన్నాళ్లూ నాకు నార్వే పిల్లల దావా గుర్తుకొస్తూనే ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడకపోతే మన గెలుపులోని లోటు మనకు కనిపించదు.

నార్వే ప్రభుత్వం 2016లో ఆర్కిటిక్‌లోని బారెంట్స్ సముద్రంలో చమురు వెతకడానికి 13 కంపెనీలకు 10 లైసెన్సులు ఇచ్చింది. ‘నతుర్ ఓగ్ ఉంగ్దొమ్’, అంటే ‘ప్రకృతి, యువత’ అనే కుర్రకారు సంఘం గ్రీన్‌పీస్‌తో కలిసి సర్కారు మీద కేసు వేసింది. ఆధారం ఆ దేశ రాజ్యాంగంలోని 112వ అధికరణం. మంచి పర్యావరణం ఇప్పటివాళ్లకే కాదు, పుట్టబోయేవాళ్లకూ హక్కేనని అది చెబుతుంది. 2017 నవంబరులో విచారణ మొదలైన రోజు ఓస్లో కోర్టు బయట ఆ అంకెను మంచుగడ్డలో చెక్కి నిలబెట్టారు. చూస్తుండగా కరిగిపోయే ఆ అంకెకు మించిన వాదన లోపల లాయర్లు కూడా చెయ్యలేదేమో.

ఓడిపోయారు. కింది కోర్టులోనూ, అప్పీలులోనూ, 2020 డిసెంబరులో సుప్రీంకోర్టులోనూ ఓడిపోయారు. ప్రభుత్వం తన బాధ్యతను ఘోరంగా గాలికి వదిలేస్తే తప్ప ఇలాంటి నిర్ణయాల్లో కోర్టు తల దూర్చదని పదిహేనుమందిలో పదకొండుమంది న్యాయమూర్తులు తేల్చారు. అయితే మిగతా నలుగురు, పర్యావరణ ప్రభావ అంచనా సరిగా జరగలేదని విడిగా రాశారు. పిల్లలు ఆ నలుగురి మాటనే పట్టుకున్నారు. 2021లో ఆరుగురు యువతీయువకులు సంఘాలతో కలిసి యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లారు. వారిలో సామీ జాతి గాయని ఎల్లా మారీ కూడా ఉంది. ఆ ఆదివాసుల రెయిన్‌డీర్ మందలు మేసేది ఉత్తరాది మంచునేల మీదే. 2025 అక్టోబరు 28న అక్కడా తీర్పు నార్వేకే అనుకూలం. కానీ అదే తీర్పు ఒక నియమం పెట్టింది: చమురు తవ్వడానికి అనుమతించే ముందు, ఆ చమురు ఎక్కడో కాలితే వెలువడే వాయువుల లెక్క కూడా తియ్యాల్సిందే.

ఇప్పుడు మన సంగతి. మార్చి 30, ఉగాది రోజు. సెలవులు చూసుకుని కంచలోకి బుల్‌డోజర్లు దిగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు, పోలీసులు ఎత్తుకెళ్లారు. చీకట్లో యంత్రాల రొద మధ్య నెమళ్లు అరుస్తున్న వీడియో విన్నవాళ్లెవరూ దాన్ని మరిచిపోలేరు. ఏప్రిల్ 2న హైకోర్టు ఒక్కరోజుకు పని ఆపింది. మర్నాడు సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి అంతా ఆపేసింది. అప్పటికే వంద ఎకరాల పచ్చదనం పోయింది. దాన్ని తిరిగి ఎలా నిలబెడతారో చెప్పమని ఏప్రిల్ 16న ప్రభుత్వాన్ని నిలదీసింది.

అక్కడ తొమ్మిదేళ్లు, ఇక్కడ ఐదు రోజులు. అక్కడ ఓటమి, ఇక్కడ గెలుపు. పైపైన చూస్తే మనవాళ్లే మొనగాళ్లు. ధైర్యంలో నిజంగా మొనగాళ్లే, ఆ మాట గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతాను. లాఠీకి ఎదురు నిలబడాల్సిన అవసరం ఓస్లో పిల్లలకు రాలేదు.

రెండు కేసుల ఆయువుపట్టూ ఒక మాటకు అర్థం దగ్గరే ఉంది. ‘పర్యావరణం’ అంటే మా గడప లోపలిదేనా, మా చమురు వేరే దేశంలో కాలి కరిగించే మంచు కూడానా అన్నది నార్వే తగాదా. ‘అడవి’ అంటే సర్కారు కాగితంలో అడవి అని రాసినదేనా, చెట్టూ పుట్టా బండా జింకా ఉన్నదంతానా అన్నది మనది. నిఘంటువు అర్థంలో అడవి అనిపించుకునేదంతా అడవేనని 1996లో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి మనకు పని సులువైంది. అంటే మనవాళ్లు ఉన్న అర్థాన్ని కాపాడుకున్నారు. నార్వే వాళ్లు లేని అర్థాన్ని తవ్వి తీశారు. నా లెక్కలో రెండోదే పెద్ద పని.

ఇంకో తేడా మనసుకు కష్టం కలిగించేది. నెమలి అరుపు నిజం, కూలిన చెట్టు నిజం. అవి చాలవన్నట్టు కృత్రిమ మేధతో పుట్టించిన బొమ్మలు ఊరంతా తిరిగాయి. ప్రభుత్వం వాటినే పట్టుకుని కేసులు పెట్టింది. ఎవరు మొదలుపెట్టినా, అది ఉద్యమానికి చేసిన ద్రోహం. నార్వే దావాలో ప్రతి అంకెకూ ఆధారం చూపించాల్సి వచ్చింది.

ధ్రువాల మంచుతో పాతబస్తీకేం పని అంటారా? కారా సముద్రంలో మంచు తగ్గిన ఏళ్లలో మధ్యభారతంలో వానాకాలం చివర, సెప్టెంబరులో కురిసే అతివర్షాలకు అవకాశం పెరుగుతోందని గోవాలోని మన ధ్రువ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2021లో ప్రచురించారు. కారా, బారెంట్స్‌కు పక్కిల్లే. 2020 అక్టోబరులో గుర్రం చెరువు తెగి హాఫిజ్‌బాబానగర్ ఇళ్లల్లో నడుముల్లోతు నీళ్లు నిలిచిన సంగతిని నేను దానికి ముడిపెట్టను. చెరువుల్ని మింగిన మన ఆశే దానికి చాలు. కానీ ఆ మంచు కరిగితే మన వాన తీరు మారొచ్చన్నది ఇక కథ కాదు.

అందుకే మన పిల్లలు కంచ దగ్గర ఆగిపోకూడదు. నార్వేకు చమురెలాగో తెలంగాణకు సింగరేణి బొగ్గు అలాగ. ఏటా దాదాపు 7 కోట్ల టన్నుల బొగ్గు తవ్వుతున్నాం. కొత్త గనికి అనుమతి అడిగినప్పుడు ఊళ్లూ అడవీ ఎంత పోతాయో అడుగుతున్నాం. ఆ బొగ్గంతా కాలితే ఏమవుతుందో లెక్క చూపించమని గట్టిగా అడగడం లేదు. వాతావరణ మార్పు కీడు నుంచి రక్షణ పొందే హక్కును సుప్రీంకోర్టు 2024లో గుర్తించింది. ఆ హక్కు ఆధారంగా బొగ్గు లెక్క అడుగుతూ కోర్టులో అర్జీ వెయ్యాలి. గని మీద బతికే కార్మికుడి కూడు సంగతి కూడా ఆ అర్జీలోనే రాయాలి, అది వదిలేస్తే అర్జీకి నైతిక బలం ఉండదు.

హైకోర్టు రాజేంద్రనగర్‌కు మారబోతోంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం భూమి వంద ఎకరాలు అందుకు ఇవ్వొద్దని అక్కడి విద్యార్థులు 2024 జనవరిలో రోడ్డెక్కినా, మార్చిలో శంకుస్థాపన అయిపోయింది. న్యాయశాస్త్రం చదువుతున్న పిల్లల్లారా, కోర్టు మూసీ ఒడ్డు విడిచి వెళ్లేలోపు ఆ బొగ్గు లెక్క అడిగే తొలి అర్జీ ఈ ఎర్రరాతి భవనంలోనే వెయ్యండి.