మాటల కోసం ముప్పై ఏళ్లు

బ్రెజిల్ ఈశాన్యాన ఉన్న పరాయీబా రాష్ట్రం నుంచి వచ్చిన అకార్డియన్ వాద్యకారుడు సివూకా 1947లో, ఇంకా కుర్రవాడిగా ఉన్నప్పుడే, ఒక వాల్ట్జ్ బాణీ కట్టాడు. దానికి మాటలు కుదరడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. రాసినవాడు షీకో బువార్కే. బాణీ పుట్టేనాటికి అతనికి మూడేళ్లు. 1977లో నారా లియావ్, షీకో కలిసి పాడిన ఆ పాటే ‘జొవావ్ ఇ మరియా’. అడవిలో దారితప్పిన అన్నాచెల్లెళ్ల జర్మన్ కథను బ్రెజిల్‌లో ఆ పేరుతోనే చెప్పుకుంటారు.

బాణీకి మాటలు కూర్చడం మన సినిమా కవులకు కొత్త కాదు. కానీ ఇక్కడ కుర్రతనపు రాగంలోకి ముప్పై దాటిన మనిషి మాటలు వచ్చి చేరాయి. తొలిప్రేమ మీది బెంగ ఈ పాట తయారైన తీరులోనే ఉంది.

పాటలో అబ్బాయి వీరుడవుతాడు, సైన్యాలను ఎదిరిస్తాడు, రాజై అందరూ సంతోషంగా ఉండి తీరాలని శాసనం చేస్తాడు. అమ్మాయి అతని యువరాణి. మన పిల్లలు ‘ఇప్పుడు నేను రాజునంట, నువ్వు రాణివంట’ అంటారు కదా, బ్రెజిల్ పిల్లలు అలాంటి ఆటల్లో ‘ఇప్పుడు’ అంటూనే క్రియను భూతకాలంలో పెడతారు. షీకో పాటను ఆ వ్యాకరణం మీదే నిలబెట్టాడు. ఆడుకునే పిల్లలకు ఆ క్రియ ఊహ, పెద్దయినవాళ్లకు గడిచిపోయిన కాలం. ఇంత తక్కువ సరంజామాతో ఇంత పెద్ద పని చేసిన గీతరచన నాకు మరొకటి తెలియదు.

చివర్లో ఆట ఆగిపోతుంది. పెరడు దాటితే తెల్లవారని రాత్రి. అమ్మాయి చెప్పకుండా వెళ్లిపోయింది. ఆ వెళ్లిపోవడాన్ని మాత్రం షీకో ఆటభాషలో చెప్పడు, జరిగి ముగిసిన పనికి వాడే భూతకాలంలో చెబుతాడు. వెనువెంటనే భవిష్యత్తు గురించి ఒక ప్రశ్న. మూడు కాలాలూ ఒక్క ఊపిరిలో.

వాల్ట్జ్ కూడా ఊరికే రాలేదు. 1977 నాటికి ఆ మూడు దెబ్బల లయ అక్కడ పాతకాలపుది, కిటికీల కింద వెన్నెల్లో పాడిన సెరెస్తా పాటల నాటిది. వినగానే చెవి వెనక్కి వెళుతుంది.

ఇలా మాటల కోసం ఎదురుచూసిన బాణీ ఇదొక్కటే కాదు. పిషింగిన్యా 1917 ప్రాంతంలో కట్టిన ‘కరిన్యోజో’కు జొవావ్ దె బారో మాటలు రాయగా ఒర్లాందో సిల్వా పాడింది 1937లో. అదీ ప్రేమపాటే, బ్రెజిల్ ఇప్పటికీ గొంతు కలిపి పాడుకునేదే.

‘జొవావ్ ఇ మరియా’ను మొదట వినేవాళ్లు నారా, షీకోల రికార్డింగే వినాలని నా కోరిక. ఇద్దరూ గొంతు పెంచరు, ఎక్కడా సాగదీయరు. కబుర్లు చెప్పుకుంటున్నట్టే పాడతారు కాబట్టి, అమ్మాయి వెళ్లిపోయే దాకా అది ఆటేనని మనం నమ్ముతాం.