పక్క గది సాహిత్యం

మన డిగ్రీ కాలేజీల్లో సాహిత్యం పక్కవాద్యం. బీఏలో చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి అసలు చదువు. సెకండ్ లాంగ్వేజ్ పాసైతే చాలు. తెలుగో, ఉర్దూవో, హిందీయో ఏదో ఒకటి. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకునేవాళ్ల సంగతి అందరికీ తెలిసిందే. కానీ ముస్లిం విద్యార్థికి ఈ ఎంపిక మార్కుల లెక్కతో తేలదు. దరఖాస్తులో ఒక గడి నింపగానే అతని బతుకులో సగం సిలబస్ బయట పడిపోతుంది.

ఉర్దూ తీసుకుంటే మీర్, గాలిబ్, ఇక్బాల్ దొరుకుతారు. బజార్లో, బస్సులో రోజూ మాట్లాడే తెలుగులో ఏం రాశారో తెలియకుండానే డిగ్రీ చేతికొస్తుంది. తెలుగు తీసుకుంటే నన్నయ, పోతన, గురజాడ, శ్రీశ్రీ దొరుకుతారు. ఇంట్లో అమ్మీ మాట్లాడే భాష మాత్రం ఆ పుస్తకం గడప తొక్కదు.

నేను తెలుగు తీసుకున్నాను. మొదటి రోజు హాజరు పిలుస్తూ మా సారు నా పేరు దగ్గర ఆగి, "ఉర్దూ క్లాసు పక్క గదిలో బాబూ" అన్నారు. ఆయన మంచివాడే. పేరును బట్టి భాష నిర్ణయించడం ఆయనకు తప్పుగా తోచలేదు, అంతే. ఉర్దూ రాని దూదేకుల పిల్లవాడికీ ఇదే మర్యాద. పుట్టినప్పటి నుంచీ తెలుగే మాట్లాడుతున్నవాణ్ని "తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నావయ్యా" అని మెచ్చుకుంటారు. పిఠాపురం ఉమర్ ఆలీషా ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలోనే తెలుగులో పద్యాలు, నాటకాలు రాశారు. ఆ మెచ్చుకునేవాళ్లలో ఆయన్ని చదివినవాళ్లు ఎందరు?

గది గోడ చరిత్రనూ కోసేసింది. నిజాంకు వ్యతిరేకంగా మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూలో రాశాడు, దాశరథి తెలుగులో రాశాడు. పోరాటం ఒక్కటే. క్లాసులో మాత్రం ఒకరు ఈ గదిలో, ఇంకొకరు ఆ గదిలో. గాలిబ్‌ను 'గాలిబ్ గీతాలు'గా తెలుగులోకి తెచ్చింది ఆ దాశరథే. అమ్జద్ రుబాయీలను తెచ్చింది సామల సదాశివ. వాళ్లు తెరిచిన తలుపును సిలబస్ వేసేసింది.

ఇప్పుడు కొన్ని తెలుగు పాఠ్యపుస్తకాల్లో ముస్లిం కవిత కనబడుతోంది. సంతోషమే. కానీ ఎక్కడ? స్త్రీవాదం, దళితవాదం తర్వాత, చివర్లో, 'మైనారిటీవాదం' అనే శీర్షిక కింద. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్‌జలా' వచ్చింది. వాటిలోని కోపాన్ని, వ్యంగ్యాన్ని, నుడికారాన్ని పక్కన పెట్టి "మైనారిటీవాద లక్షణాలు రాయండి" అని అడిగితే కవిత చచ్చి లక్షణం మిగులుతుంది. శ్రీశ్రీ పద్యానికి లయ చూస్తారు. మా కవితకు మతం చూస్తారు. ఇదెక్కడి విమర్శ?

ఉర్దూ శాఖలకూ ఈ ప్రశ్న తప్పదు. గజల్ సొగసు చెప్పే చోట, చుట్టూ ఉన్న తెలుగు ముస్లిం రాసిన కథకు జాగా ఎందుకు లేదు? ఉర్దూ రానివాడు ముస్లిమే కాదనే చూపు మనలో లేదా?

తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూకు రాష్ట్రమంతటా రెండో అధికార భాష హోదా వచ్చింది. చట్టంలో పక్కపక్కన కూర్చున్న భాషలు క్లాసులో ఎందుకు కూర్చోవు? తెలుగు పేపర్లో అనువాదంగా ఒక మఖ్దూం, ఉర్దూ పేపర్లో ఒక జాషువా. అడుగుతున్నది ఇంతే. సాహిత్యం జీవితంలో మళ్లీ చదవని కామర్స్ కుర్రాడికి ఆ పేపరే ఆఖరి అవకాశం. పక్కింటివాడు ఏ భాషలో ఏడుస్తాడో అతను అక్కడ తెలుసుకోకపోతే, తర్వాత టీవీ చెప్పిందే నమ్ముతాడు.