తాడు తేల్చే హార్స్‌పవర్

మోటారు మీద ప్లేటు ఏమైనా చెప్పనివ్వండి, దాని సత్తా తేలేది షాఫ్టు దగ్గరే. షాఫ్టు ఎంత బలంతో తిరుగుతోంది, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది అన్న రెండు సంగతులూ తెలిస్తే పవర్ దాచినా దాగదు. ఈ రెండింటినీ పట్టివ్వడంలో తాడు బ్రేకును మించిన సాధనం లేదంటాను. పక్షపాతమంటారా, అలాగే అనుకోండి.

లెక్క చిన్నదే. తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, న్యూటన్ మీటర్లలో తీసుకుని, నిమిషానికి చుట్లతో, అంటే ఆర్‌పీఎంతో గుణించి, 9550తో భాగిస్తే కిలోవాట్లు. ఆ 9550 ఎవరి ఇష్టానికో పెట్టింది కాదు. చుట్టుకు రెండు పై (2π) రేడియన్లు, నిమిషానికి 60 సెకన్లు, కిలోవాటుకు 1000 వాట్లు కలిస్తే వచ్చిన అంకె. 746 వాట్లయితే ఒక హార్స్‌పవర్ (హెచ్‌పీ).

జేమ్స్ వాట్ గుర్రాల పని చూసి నిమిషానికి 33,000 అడుగు పౌండ్లని ఖాయం చేశాడట. గుర్రానికి కాస్త ఎక్కువే కట్టాడనీ అంటారు. 1821లో ప్రోనీ అనే ఫ్రెంచి ఇంజనీరు తిరిగే షాఫ్టును చెక్కదిమ్మలతో బిగించి తూచాడు. 1877లో విలియం ఫ్రూడ్ ఓడ ఇంజన్లనే నీళ్ల ఒరిపిడితో నిలవేశాడు. ఎంత ధైర్యం, ఎంత తెలివి!

మన తాడు బ్రేకు ఆ వంశంలోదే. షాఫ్టుకు డ్రమ్ము, డ్రమ్ము మీద తాడు, తాడుకు ఒక కొసన బరువులు, రెండో కొసన స్ప్రింగ్ త్రాసు. బరువులోంచి త్రాసు రీడింగు తీసేసి, 9.81తో, డ్రమ్ము వ్యాసార్ధంతో గుణిస్తే టార్క్. ఉదాహరణకు బరువు 18 కిలోలు, త్రాసు 1.2, వ్యాసార్ధం 0.15 మీటర్లు అనుకోండి. టార్క్ 24.7 న్యూటన్ మీటర్లు. చుట్లు లెక్కపెట్టే టాకోమీటరు 1440 చూపిస్తే పవర్ దాదాపు 3.73 కిలోవాట్లు, అంటే నిఖార్సైన అయిదు హెచ్‌పీ!

నైపుణ్యమంతా చిన్న జాగ్రత్తల్లో ఉంది. వ్యాసార్ధానికి తాడు మందంలో సగం కలపాలి. బరువులు వేలాడే కొక్కేన్ని కూడా తూచాలి. తాడుకు నూనె తగలకూడదు. ఆ పవరంతా డ్రమ్ములో వేడిగా మారుతుంది, అంటే రెండు పెద్ద ఇమర్షన్ హీటర్లంత వేడి. అందుకే అంచులోపల నీళ్లు పోస్తూ ఉండాలి. త్రాసునూ టాకోమీటరునూ ఒకే క్షణంలో చదవాలి. ముల్లు ఊగకుండా లోడు పెంచే ఇన్‌స్ట్రక్టరు చెయ్యి చూస్తే దణ్ణం పెట్టబుద్ధేస్తుంది.

ఇదే అయిదు హెచ్‌పీ 2880 ఆర్‌పీఎం దగ్గర 12.4 న్యూటన్ మీటర్లతోనే వస్తుంది. 960 దగ్గర 37 కావాలి. నెమ్మది మోటారుకు ఒళ్లూ షాఫ్టూ లావుగా ఉండేది అందుకే. ఇక మన దేశపు మోటార్ల మాటకొస్తే, తెలుగింట పుట్టిన జి.డి. నాయుడు, బాలసుందరం నాయుడితో కలిసి 1937లో కోయంబత్తూరులో తొలి దేశీ మోటారు తయారుచేశాడు. చేసి చూపించడమంటే అది!

మరి ఇప్పుడో? లోపలి ఇనుప రేకులు (స్టాంపింగులు) తగ్గించి, రాగికి బదులు అల్యూమినియం చుట్టి, మూడున్నర లాగలేనిదానికి అయిదని ప్లేటు కొడతారు. హెచ్‌పీ లెక్కన బిల్లు వేసేచోట దీనికి తలకిందులు: అయిదు లాగేదానికి మూడని రాస్తారు. ఊరి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయాక లైన్‌మన్‌ను తిడతాం. క్లాంప్ మీటరు పెట్టి ఆంపియర్లు చూసి హెచ్‌పీ చెప్పేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. చిన్న మోటారు లోడు లేకుండా వట్టిగా తిరిగినా పూర్తి కరెంటులో మూడో వంతుకు పైగా తీసుకుంటుంది. పవర్ ఫ్యాక్టరు తెలియని ఆంపియరు ఏం చెబుతుంది?

అంతకన్నా బాధ కాలేజీ ల్యాబుల్ని చూస్తే. డ్రమ్ములు తుప్పుపట్టాయి. రీడింగులు మాత్రం సీనియర్ల రికార్డుల్లోంచి ఏటేటా దిగుతున్నాయి. త్రాసు వణుకు చూడని కుర్రాడు రేపు మోటారుకు ప్లేటు కొడతాడు!

అయ్యా, లెక్చరర్లూ, తుప్పు గీకించండి, కొత్త తాడు కొనండి, ప్రతి పిల్లవాడి చేతా ఒక్క రీడింగైనా తీయించండి. రైతన్నలారా, కొనేముందు ఫుల్ లోడు టెస్టు రిపోర్టు అడగండి. టార్కూ ఆర్‌పీఎమ్మూ రెండూ రాసి సంతకం పెట్టని మోటారుకు రూపాయి కూడా ఇవ్వకండి.