ముఖం వెనక రంగు

మన స్టేషనరీ కొట్లలో పేస్టల్స్ అడిగితే చేతిలో పెట్టేవి మైనం, నూనె కలిసిన ఆయిల్ పేస్టల్స్. పోర్ట్రెయిట్ చిత్రకారులు మూడు వందల ఏళ్లకు పైగా వాడుతున్న పేస్టల్ వేరు. రంగు పొడిలో సుద్ద కలిపి, విడిపోకుండా అతి కొద్దిగా జిగురు చేర్చి ఆరబెట్టిన మెత్తని కడ్డీ అది. రాస్తే వేలికి అంటుకుంటుంది, ఊదితే లేస్తుంది. నూనె ఉండదు కనుక ఆరేదాకా ఆగక్కర్లేదు, ఆరాక రంగు మారుతుందన్న బెంగ లేదు. పొడి రేణువుల మీద పడ్డ వెలుగు నలుదిక్కులా చెదురుతుంది. అందుకే చర్మం మీది నునుపు ఇందులో పలికినంతగా తైలవర్ణాల్లో పలకదని నా నమ్మకం.

పేస్టల్ నేర్చుకునేవాళ్లు కళ్ల గురించి అడుగుతారు, పెదవుల గురించి అడుగుతారు. నేపథ్యాన్ని మాత్రం ఆఖర్న ఖాళీ నింపే పనిగా వదిలేస్తారు. ముఖం రంగును సగం నిర్ణయించేది ఆ ఖాళీయే.

దీనికి శాస్త్రం చెప్పే కారణం ఉంది. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాల విభాగం చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ దగ్గరికి ఓ ఫిర్యాదు వచ్చింది, నల్లరంగు సరిగ్గా నల్లగా లేదని. పరీక్షించి చూస్తే అద్దకంలో లోపమేమీ లేదు. పక్కనున్న రంగులు నలుపును వెలవెలబోయేట్టు చేస్తున్నాయి. ఆ పరిశీలనలను ఆయన 1839లో పుస్తకంగా తెచ్చాడు. ముఖానికీ అదే వర్తిస్తుంది. ఒక బుగ్గ రంగును ముదురు గోధుమ కాగితం మీద పెడితే వెలిగిపోతుంది, తెల్ల కాగితం మీద పెడితే మసకబారుతుంది. కడ్డీ అదే, చెయ్యీ అదే.

షెవ్రల్ రాయడానికి వందేళ్ల ముందే పేస్టల్ చిత్రకారులకు ఇది చేతి అనుభవంగా తెలుసు. వెనిస్ చిత్రకారిణి రొసాల్బా కర్రియెరా 1720లో పారిస్ వెళ్లి, ఆ ఏడాదే అక్కడి రాజాస్థాన అకాడమీలో చోటు సంపాదించింది. పారిస్‌లో పేస్టల్ మోజు పెరగడానికి ఆమె రాక పెద్ద కారణం. ఆ కాలంవాళ్లకు ఇష్టమైన కాగితం నీలిది. నీలి గుడ్డపీలికలను నానబెట్టి, దంచి చేసేవారు. ఆ మధ్యస్థమైన నీలం మీద గులాబీ, పసుపు ఛాయలు ఇట్టే పైకి తేలతాయి. కణతల దగ్గర, గడ్డం కింద పొడి పల్చగా వేసి కాగితాన్ని కొంచెం కనబడనిస్తే సగం నీడ దానంతటదే వస్తుంది. పేస్టల్‌లో నేపథ్యం మొదటి గీతకన్నా ముందే, కాగితం ఎంచుకున్నప్పుడే మొదలవుతుందన్నమాట. ఆ నీలం కాలక్రమంలో వెలిసి బూడిద, గోధుమ రంగుల్లోకి తిరగడం ఓ విషాదం. ఆ చిత్రకారులు చూసిన తూకం ఇవాళ చాలా చిత్రాల్లో మనకు పూర్తిగా దక్కదు.

ఫ్రాన్స్‌లోని సాంకాంతాఁలో పుట్టిన మోరిస్ కాంతాఁ ద లా తూర్ (1704–1788) వేసిన సన్నాహక ముఖచిత్రాలు ఆ ఊరి మ్యూజియంలో ఉన్నాయి. భుజాలు లేవు, దుస్తులు లేవు, ముఖమొక్కటే. అయినా చాలావాటిలో తల చుట్టూ నాలుగు నేపథ్యపు గీతలు మాత్రం ఉంటాయి. అంత తొందరలోనూ ఆ గీతలు లేకుండా చెంప ఎంత వెలుగులో ఉందో తేల్చుకోవడం ఆయనకు కుదరలేదు. పేస్టల్ నేర్చుకునేవాళ్లు ముందుగా చూడాల్సింది ఆ గీతలనే అంటాను.

ముదురు నేపథ్యం త్వరగా మెప్పిస్తుంది. నుదురు, ముక్కుదూలం, చెంప ముందుకొస్తాయి. జుట్టూ, నీడవైపు చెవీ వెనక్కి కలిసిపోతాయి. అంచు మాయమైన చోట తల గుండ్రదనాన్ని చూసేవాళ్ల కన్నే పూరించుకుంటుంది. కానీ పేస్టల్‌లో చీకటి తేవడం తేలిక కాదు. సుద్ద ఉండటంతో చాలా కడ్డీలు లేతవైపే మొగ్గుతాయి. ఒట్టి నల్లకడ్డీ రుద్దితే మసి పూసినట్టుంటుంది. చెయ్యి తిరిగినవాళ్లు ముదురు నీలం, ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ ఒకదానిమీద ఒకటి పల్చగా వేస్తూ నలుపు దాకా వస్తారు. మొదటి పొరే ఒత్తిగా వేస్తే కాగితం గరుకు పూడుకుపోయి రెండోది పట్టదు. పైగా ముదురు పొడి రాలి అప్పుడే వేసిన చెంప మీద పడుతుంది. అందుకే బోర్డును కాస్త ముందుకు వంచి, పై నుంచి కిందికి పని చేస్తారు. ఫిక్సేటివ్ చల్లితే పొడి నిలుస్తుంది గానీ లేత రంగుల వెలుగు ఓ మెట్టు దిగిపోతుంది. లా తూర్ అంతటివాడు కూడా దీనికి మందు కోసం ప్రయోగాలు చేస్తూనే ఉన్నాడు.

లేత నేపథ్యం అసలు పరీక్ష. దాగే చోటు ఉండదు, దవడ గీత ఓ వెంట్రుకవాసి పక్కకు పోయినా పట్టిస్తుంది. జెనీవావాడైన జాన్ ఎతియెన్ లియొతార్ 1744 ప్రాంతంలో వేసిన ‘చాక్లెట్ పిల్ల’ దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ. ఇప్పుడది జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉంది. పార్చ్‌మెంట్ అనే చర్మపత్రం మీద వేసిన పేస్టల్. గులాబీ టోపీ పెట్టుకున్న పనిపిల్ల పళ్లెంలో చాక్లెట్ కప్పు, గ్లాసుడు నీళ్లు పట్టుకొని నడుస్తుంటుంది. వెనక లేతరంగు గోడ తప్ప ఏమీ లేదు. ఆ గోడ ముందు తెల్లటి ఏప్రన్! తెలుపు పక్కన లేతరంగును విడదీయడానికి లియొతార్ నల్లగీత గీయలేదు, గోడను కాస్త వెచ్చగా, ఏప్రన్‌ను కాస్త చల్లగా ఉంచాడు. ఏప్రన్ మడతల గుర్తులు కూడా కనబడతాయి. ఇది వందసార్లు చూసినా చాలదు.

ఈ రెండు దారులనూ కలిపిన పాత పద్ధతి ఒకటుంది. వెలుగు పడిన చెంప పక్కన నేపథ్యాన్ని ముదురుగా, నీడ చెంప పక్కన లేతగా ఉంచడం. రెండువైపులా తల విడిగా నిలబడుతుంది, వెనక గాలి ఉన్నట్టనిపిస్తుంది. మార్పు తెలిసీ తెలియనట్టుండాలి, గీత గీసినట్టు కనబడితే చెడిపోతుంది.

యూరప్ పద్ధతులు చాలావరకు తెల్లని చర్మం కోసం కుదిరినవి. చామనఛాయ ముఖాలకు వాటిని ఉన్నదున్నట్టు వాడితే దెబ్బతింటాం. తెల్లటి నేపథ్యం మీద మన ముఖం ఉన్నదానికన్నా నల్లబడుతుంది. దాన్ని సరిచేద్దామని చిత్రకారులు చర్మంలో తెలుపు కలుపుతారు, ముఖం బూడిద పూసినట్టవుతుంది. ఈ తప్పు మన పోర్ట్రెయిట్లలో తరచూ చూస్తున్నాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది. మార్చాల్సింది చర్మాన్ని కాదు, వెనక రంగును. మధ్యస్థమైన బూడిద కలిసిన ఆకుపచ్చ గానీ, చల్లని ముదురు నీలం గానీ పెట్టి చూస్తే చెంప ఎముక మీది మెరుపు, గోధుమలోని ఎరుపు వాటంతటవే బయటపడతాయి.

ఈసారి కాగితాలు కొనేటప్పుడు ఒక లేత బూడిద, ఒక ముదురు గోధుమ తెచ్చుకోండి. ఇంట్లోవాళ్లెవరినైనా కిటికీ పక్కన కూర్చోబెట్టి, అవే కడ్డీలతో అదే ముఖాన్ని రెండింటి మీదా వెయ్యండి. కళ్లు మొదలుపెట్టకముందే చెంప పక్కన నేపథ్యపు రంగు నాలుగు గీతలు వేసుకోండి.