పదహారు మాటల పంచాయితీ

పదహారు మాటలు మన ముందు పెడతారు. వాటిని నాలుగేసి చొప్పున నాలుగు జట్లు చేయాలి. ఏ జట్టును ఏ బంధం కలుపుతోందో చెప్పరు. అది కనిపెట్టడమే ఆట. నాలుగు తప్పులు చేశామా, ఆ రోజుకు అంతే సంగతులు. న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2023 జూన్‌లో మొదలుపెట్టిన ‘కనెక్షన్స్’ ఇదే. వైనా లియు కూర్చే ఈ పజిల్ రోజుకొక్కటే వస్తుంది. జట్లకు రంగులుంటాయి. పసుపు సులువైనది, ఆ తర్వాత ఆకుపచ్చ, నీలం. ఊదా అన్నిటికన్నా గడుసుది.

ఇలాంటి ఆట బ్రిటన్ వాళ్ళకు అంతకుముందే అలవాటు. 2008లో మొదలైన బీబీసీ క్విజ్ ‘ఓన్లీ కనెక్ట్’లో ఒక రౌండంతా ఇదే. అక్కడ రెండున్నర నిమిషాలే గడువు. మొదటి రెండు జట్లు తేలేదాకా ఎన్నిసార్లు తడబడినా అడిగేవారుండరు, ఆ తర్వాత మాత్రం మూడే అవకాశాలు. కనెక్షన్స్‌లో గడియారం లేదు, తప్పులకే లెక్క. కాబట్టి ఇక్కడ చురుకుదనం కన్నా నిదానమే గెలిపిస్తుంది.

ఎలాగో తెలుగు మాటలతోనే చూద్దాం:

తీపి, పులుపు, దంచు, వంకాయ
నటన, చేదు, టమాట, కలుపు
కారం, బీరకాయ, తరుగు, కునుకు
నూరు, వగరు, దొండకాయ, కాకరకాయ

ఉగాది పచ్చడి తిన్నవాళ్ళకు ముందు రుచులే కళ్ళబడతాయి. తీపి, పులుపు, కారం, చేదు, వగరు. చెయ్యి ఊరుకోదు, నొక్కేద్దామంటుంది. కానీ లెక్కపెట్టండి, ఐదున్నాయి. కూరలూ ఐదే. జట్టులో నలుగురికే చోటు కాబట్టి రెండు చోట్లా ఒక్కో పరాయి మాట దూరిందన్నమాట. అదెవరో తేలేదాకా ఆ రెండు జట్లనూ ముట్టుకోకూడదు. ఈ ఆటలో మొదటి సూత్రం ఇదే.

అప్పుడు ఎక్కడా ఇమడని మాటల వైపు తిరగాలి. నటనకూ కునుకుకూ అర్థంలో ఏ చుట్టరికమూ లేదు. అర్థం దగ్గర దారి మూసుకుపోతే అక్షరాల వైపు చూడాలి. ఆ రెండింటినీ వెనకనుంచి చదవండి. ఎటు చదివినా ఒకటే! తెనాలి రామకృష్ణుడి ‘వికటకవి’ బిరుదు గురించి విన్న పిల్లలెవరైనా పట్టేస్తారు. ఆ కంటితో మళ్ళీ వెతికితే రుచుల్లోంచి పులుపు, కూరల్లోంచి టమాట లేచి వచ్చి ఈ జట్టులో కూర్చుంటాయి. ఊదా జట్టు దొరికింది, రుచులూ కూరలూ నాలుగేసికి వచ్చాయి.

మిగిలినవి నూరు, దంచు, తరుగు, కలుపు. అన్నీ వంటింటి పనులే. కానీ నూరు అనగానే వంద గుర్తొస్తుంది. కలుపు, తరుగు చూస్తే రైతు మనసు పొలానికీ ధాన్యం తూకానికీ పోతుంది. కూర్చేవాళ్ళు ఇక్కడే మాటు వేస్తారు. ఒక్కో మాటను పేరుగా, పనిగా, అంకెగా, ఊరి పేరుగా మార్చి మార్చి చదవడం రెండో సూత్రం.

మూడోది, ఏది ముందు నొక్కాలన్నది. సులువుగా కనిపించినది కాదు, ఐదో మాటకు తావు లేనిది ముందు నొక్కాలి. పదహారు మాటలను నాలుగు జట్లుగా 26,27,625 రకాలుగా విడదీయవచ్చు. ఒక్క జట్టు ఖాయమైతే అవి 5,775కు దిగుతాయి, రెండోది కూడా తేలితే 35కే. మొదటి అడుగు గట్టిగా పడితే చాలు, మిగతాది దానంతటదే తేలిపోతుంది. ఒక్క మాటే తేడా అని ఆట చెప్పినప్పుడు మూడు మాటలు సరైనవేనని గుర్తుంచుకుని, ఒక్కదాన్నే మార్చాలి. కంగారులో జట్టంతా చెదరగొట్టుకోకూడదు.

మనవాళ్ళకు ఇందులో ఒక ఇబ్బంది ఉంది. అమెరికా బేస్‌బాల్ జట్ల పేర్లో, అక్కడి మిఠాయిల పేర్లో వచ్చినప్పుడు ఎంత తెలివైనవాళ్ళయినా తెల్లమొహం వేయాల్సిందే. లోటు బుద్ధిది కాదు, పరిచయానిది. మాటతో దాగుడుమూతలాడటం మనకు కొత్తా? పింగళి సూరన 16వ శతాబ్దంలోనే ‘రాఘవపాండవీయం’లో ఒకే పద్యానికి రామాయణార్థం, భారతార్థం రెండూ పలికించాడు. అవధానంలో దత్తపది ఈ ఆటకు తిరగేసిన రూపం. పృచ్ఛకుడు పొంతన లేని నాలుగు మాటలిస్తాడు, అవధాని అడిగిన విషయం మీద పద్యంలో వాటిని ఇమిడ్చి, లేని బంధాన్ని కల్పిస్తాడు. ఇక్కడ మనం ఉన్న బంధాన్ని వెతుకుతాం.

రోజూ ఇది ఆడితే జ్ఞాపకశక్తి అమాంతం పెరుగుతుందని నేను చెప్పను. తెలిసిన మాటనే ఇంకోసారి చూడటం, తోచిన మొదటి జవాబును కాసేపు ఆపడం మాత్రం అలవాటవుతాయి. తెలుగు చదవడానికి మొరాయించే పిల్లలున్న ఇంట్లో పదహారు చీటీలు రాసి పరచండి. రెండు జట్లలో ఇమిడే మాటలను ముందు ఎంచుకుని, వాటి చుట్టూ మిగతావి అల్లండి. చివరికి ఒక్క జవాబే వచ్చేలా సరిచూసుకోండి. విప్పడం కన్నా కూర్చడంలోనే భాష ఎక్కువ ఒంటబడుతుంది, ఆ పనిని రెండో రోజు నుంచి పిల్లలకే అప్పగించండి.